నేపాల్‌లో బడి కట్టడానికి వెళ్తారా? ముందు డ్రాయింగ్ చూపించమనండి

ప్రశ్న: హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. వయసు 27. భూకంపానికి దెబ్బతిన్న నేపాల్ ఊళ్లలో బడులు కట్టే పనికి స్వచ్ఛందంగా వెళ్లాలని ఉంది. ఆన్‌లైన్‌లో చూసిన ఒక సంస్థ రెండు వారాలకు 1,40,000 రూపాయలు అడుగుతోంది. ‘అనుభవం అక్కర్లేదు, మీ చేతులతో బడి కట్టండి’ అని ప్రకటన. మూడు వారాల సెలవు దొరుకుతుంది. అమ్మ మాత్రం వద్దంటోంది. ఇంత డబ్బు పెట్టి వెళ్లడం సబబేనా? అక్కడ నిజంగా ఏం పని చేయిస్తారు? ఏం నేర్చుకుని వెళ్లాలి? – ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: వెళ్లండి. కానీ ఆ ప్రకటన చూసి, ఆ రెండు వారాలకు మాత్రం వద్దు. అనుభవం అక్కర్లేదంటున్నారు కదా, ఏ పనికి అక్కర్లేదో అడగండి. ఇసుక జల్లించడానికి, నీళ్లు మోయడానికి అక్కర్లేదు. గోడ లేపడానికి కావాలి. ఆ తేడా చెప్పని సంస్థ దగ్గరికి వెళ్లకపోవడమే మంచిది.

ఎందుకో చెబుతాం. నేపాల్‌లో 2015 ఏప్రిల్ 25న 7.8 తీవ్రతతో భూమి కంపించింది. అప్పుడు మధ్యాహ్నం 12 కావడానికి ఇంకా నాలుగు నిమిషాలుంది. ఆ రోజు శనివారం, అక్కడ బడులకు సెలవు. వేల తరగతి గదులు కూలినా లోపల పిల్లలు లేరు. అదే బడులు నడిచే ఆదివారమైతే ఏమయ్యేదో ఊహించడానికే భయమేస్తుంది. కొండ ఊళ్లలో కూలినవాటిలో ఎక్కువ భాగం మట్టి అడుసుతో పేర్చిన రాతి గోడలే. తప్పు రాయిది కాదు. లోపలి వరస, బయటి వరస విడివిడిగా పేర్చి, మధ్యలో చిన్న రాళ్లూ మట్టీ కూరారు. కుదుపు రాగానే రెండు వరసలూ ఉబ్బి విడిపోయాయి. నాలుగు గోడలనూ చుట్టి బిగించే కాంక్రీటు బెల్టు లేకపోవడంతో మూలల దగ్గర గోడ నిలువునా చీలింది. కప్పు వాలు కింద త్రికోణంలా లేచే పక్కగోడకు పైన పట్టేదేమీ ఉండదు కాబట్టి చాలాచోట్ల అది ముందే విరిగిపడింది. అదే భూకంపంలో, ఖాట్మండు లోయలో నేపాల్ భూకంప సాంకేతిక సంఘం లాంటి సంస్థలు 1990ల చివరి నుంచి బలపరుస్తూ వచ్చిన పాత బడులు నిలబడ్డాయి. 2023 నవంబర్ 3 అర్ధరాత్రి జాజర్‌కోట్, పశ్చిమ రుకుమ్ జిల్లాల్లో 150 మందికి పైగా చనిపోయినప్పుడు కూలినవి కూడా ఎక్కువగా మట్టి, రాతి గోడలే. కాబట్టి అక్కడ కావాల్సింది రేపు మళ్లీ భూమి కదిలినా పిల్లల మీద పడని బడి. వచ్చినవాళ్లు సరదాకు పేర్చి వెళ్లిన గోడ ఆ పని చేయదు.

అలాగని మీ చేతులకు అక్కడ విలువ లేదనుకోకండి. ఆ కొండ ఊళ్లలో మగవాళ్లు చాలామంది గల్ఫ్‌కు, మలేసియాకు, మన దేశానికే పనికి పోయారు. సాయానికి మనిషి దొరక్క పని ఆగే రోజులుంటాయి. మీరు మేస్త్రి కింద, ఇంజనీరు కళ్లెదుట పనిచేస్తే ఉపయోగం, లేకపోతే అపాయం. అందుకే సంస్థను ఎంచుకోవడంలోనే మీ కష్టం సగం తీరాలి.

ఆ సంస్థకు నాలుగు ప్రశ్నలు రాసి పంపండి. మొదటిది, డ్రాయింగ్ ఎవరిది, దాన్ని ఆమోదించింది ఎవరు? నేపాల్‌లో ఇప్పుడు బడుల బాధ్యత స్థానిక ప్రభుత్వాలది, అంటే గావ్‌పాలికా, నగరపాలికాలది. పాలికా ఇంజనీరు సంతకం ఉన్న నక్షా చూపించమనండి. అందులో పునాది, లింటెల్, కప్పు మట్టాల్లో బెల్టులు ఉన్నాయో లేదో మీరే చూడొచ్చు. ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి, దానికి నీటి కనెక్షన్ ఉన్నాయా? తరగతి గదుల ఫొటోలు పెట్టి మరుగుదొడ్డి మరిచిపోయే సంస్థలు చాలా ఉంటాయి. ఆ లోటుకు బడి మానేసేది పెద్దతరగతుల ఆడపిల్లలే. రెండోది, స్థలం ఎవరి పేరున ఉంది? భూమి పత్రాన్ని అక్కడ లాల్‌పుర్జా అంటారు. అది బడి పేరున లేకపోతే కట్టిన తర్వాత తగువు మొదలవుతుంది. మూడోది, రోజూ సైటులో ఉండే ఇంజనీరు, మేస్త్రీలు ఎవరు, వాళ్లకు జీతం ఎవరిస్తారు? స్థానిక మేస్త్రీని పక్కన పెట్టి ఆ పని మీకిస్తే, అతని కూలి పోతుంది, గోడ నాణ్యతా పోతుంది. నాలుగోది, నేపాల్ సోషల్ వెల్ఫేర్ కౌన్సిల్‌తో ఆ సంస్థకో, దాని స్థానిక భాగస్వామికో ఒప్పందం లేదా అనుబంధం ఉందా? బయటి డబ్బుతో పనిచేసే సంస్థలకు ఇది ఉండాలి.

ఇక డబ్బు. రుసుము తీసుకోవడమే తప్పని అనం. వసతి, భోజనం, బీమా, పర్యవేక్షణ ఊరికే రావు. కానీ నేపాలీ రూపాయి మన రూపాయికి 1.6 చొప్పున స్థిరంగా ఉంటుంది, కాబట్టి మీ 1,40,000 అక్కడ 2,24,000 అవుతుంది. ఆ ఊళ్లో తాపీ మేస్త్రి రోజు కూలి ఎంతో ఆ సంస్థనే అడిగి, ఈ మొత్తాన్ని దానితో భాగించి చూడండి. అందులో సిమెంటుకు, ఇనుముకు, కూలికి ఎంత వెళ్తుందో పద్దుల వారీగా రాసిమ్మనండి. ఇవ్వలేకపోతే ఆ డబ్బు దారిలోనే ఎక్కడో ఆగిపోతోందని అర్థం. ఆల్ హ్యాండ్స్ అండ్ హార్ట్స్ లాంటి సంస్థలూ ఉన్నాయి. 2015 తర్వాత నేపాల్‌లో బడులు కట్టిన ఈ సంస్థ స్వచ్ఛందంగా వచ్చినవాళ్ల దగ్గర రుసుము తీసుకోదు. వసతి, భోజనం తనే చూసుకుంటుంది, ప్రయాణం ఖర్చు మనది. ఇలాంటివాళ్లు ఏ దేశంలో ఎప్పుడు పని పెడతారన్నది మారుతుంటుంది, దరఖాస్తుకు ముందు చూసుకోండి.

రెండు వారాలు ఎందుకు చాలవో లెక్క వేద్దాం. 14 రోజుల్లో రానూ పోనూ 4 పోతాయి. శనివారాలు 2, భద్రతా శిక్షణకు 1. వానకో, కొండచరియ పడి సామాను లారీ ఆగినందుకో ఇంకో 1. మిగిలేది 6 రోజులు. పార పట్టడం, మేస్త్రి మాట అర్థం చేసుకోవడం, ఒళ్లు నొప్పులు తగ్గడం అయ్యేసరికి తిరుగు బస్సు ఎక్కాలి. మూడు వారాలకైతే ఇదే లెక్కన 12 రోజుల పని మిగులుతుంది. మీ సెలవు మొత్తం ఒకే సైటుకు పెట్టండి. సెలవు చివర్లో పోఖరా చూసొద్దామనే ఆలోచన ఈసారికి మానుకోండి.

అక్కడ మీకు ఎక్కువగా ఇచ్చే పని రింగులు వంచడం. స్తంభం లోపల నిలువు కడ్డీలను చుట్టి పట్టే చువ్వ చట్రాలను మన మేస్త్రీలు రింగులంటారు. చూడ్డానికి చిన్న పనే, భూకంపంలో మాత్రం స్తంభం ప్రాణం వాటి మీదే ఉంటుంది. ఉదాహరణకు 300 మి.మీ. చదరపు స్తంభం తీసుకోండి. నాలుగు వైపులా 40 మి.మీ. కవర్, అంటే ఇనుము బయట ఉండే కాంక్రీటు మందం, వదిలితే రింగు కొలత 220 మి.మీ. చదరం. నాలుగు భుజాలు కలిపి 880 మి.మీ., రెండు కొసల కొక్కేలకు 75 చొప్పున 150. అంటే 8 మి.మీ. చువ్వ ఒక్కో రింగుకు సుమారు మీటరు ముక్క కోయాలి. చెక్క బల్ల మీద మేకులు లేదా చువ్వ ముక్కలు దిగ్గొట్టి, వాటి మధ్య చువ్వ పెట్టి, వంపు కీతో లాగుతారు. మొదటి మూడు వంపులు అందరికీ వస్తాయి. తప్పు జరిగేది చివరి కొక్కెం దగ్గర. దాన్ని 90 డిగ్రీల దగ్గర వదిలేయడం తేలిక, పని చకచకా సాగుతుంది. కానీ స్తంభం ఊగినప్పుడు పైపొర కాంక్రీటు రాలిపోతుంది, 90 డిగ్రీల కొక్కెం విప్పుకుంటుంది, నిలువు కడ్డీలు బయటికి ఉబ్బుతాయి, కప్పు కిందికి వస్తుంది. అందుకే కొస 135 డిగ్రీలు వంగి, స్తంభం గుండె వైపు చూడాలి. కట్టేటప్పుడు ఆ కొక్కేలన్నీ ఒకే మూలకు రాకుండా ఒక్కో రింగును ఒక్కో మూలకు తిప్పాలి. మూడు మీటర్ల స్తంభానికి రెండు చివర్లలో 600 మి.మీ. మేర 100 మి.మీ.కు ఒకటి, మధ్యలో 150 మి.మీ.కు ఒకటి చొప్పున వేస్తే దాదాపు 25 రింగులు. 16 స్తంభాల బడికి ఒక్క అంతస్తుకే 400. ఆ 400ల్లో ప్రతి కొక్కెమూ సరిగ్గా వంచి వస్తే, మీరు వెళ్లినందుకు నిజమైన ఫలితం దక్కినట్టే. (ఈ కొలతలు ఉదాహరణకు మాత్రమే. సైటులో డ్రాయింగ్ మీద ఏముంటే అదే చేయాలి.)

రెండో పెద్ద పని కాంక్రీటు. ఇక్కడ చేటు తెచ్చేది నీళ్లు. సిమెంటు, ఇసుక, కంకర 1:1.5:3 పాళ్లలో కలిపే కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు 25 లీటర్ల నీళ్లు లెక్క. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. గట్టిగా ఉన్న మాలు తట్టలో ఎత్తడం, పోయడం కష్టం. అలసిన మనిషి ఇంకో బకెట్ పోస్తే మాలు జారుతుంది, చేతులకు సుఖంగా ఉంటుంది. ఆ బకెట్‌తో పాటు బలం కూడా జారిపోతుంది. 25 లీటర్లు 35 అయితే మూడో వంతు దాకా బలం తగ్గొచ్చు. కాబట్టి బకెట్ మీద గీత గీసి పెట్టి, నీళ్లు పోసే బాధ్యత ఒక్కరికే ఇవ్వాలి. మీరు ఆ ఒక్కరు కాగలిగితే మంచిది, కోడ్ రాసేవాళ్లకు లెక్క తప్పకుండా చూసే ఓపిక ఉంటుంది. కలిపిన మాలు అరగంట, ముప్పావుగంటలో పోసేయాలి. మధ్యలో టీకి వెళ్లొచ్చి, బిగిసిన మాలులో నీళ్లు కలిపి మళ్లీ వాడటం ఘోరమైన తప్పు.

ఇసుక కూడా చూడాలి. కొండ ఏళ్ల ఇసుకలో మట్టి ఎక్కువ. గాజు సీసాలో సగం ఇసుక వేసి, నీళ్లు నింపి, చిటికెడు ఉప్పు వేసి బాగా కుదిపి మూడు గంటలు కదలకుండా ఉంచండి. పైన పేరుకున్న మట్టి పొర ఇసుక ఎత్తులో 8 శాతం దాటితే కడిగి వాడాలి, లేదా తిప్పి పంపాలి. సిమెంటు బస్తాలు నేలకు జానెడు ఎత్తున చెక్కల మీద, గోడకు అడుగు దూరంగా, పదికి మించని ఎత్తున పేర్చాలి. వానల్లో దారి మూసుకుపోతుందని ముందే తెచ్చి పెట్టుకున్న సరుకు మూడు నెలలు దాటితే గడ్డ కట్టకపోయినా బలం తగ్గుతుంది. బస్తా మీద తేదీ చూసి పాతది ముందు వాడేలా పేర్చడం కూడా మీరు చేయగల పనే.

పోసిన తర్వాత నీళ్లు పట్టడం. దీన్ని ఎవరూ గొప్ప పనిగా చూడరు, ఫొటోలు కూడా తీసుకోరు. కనీసం 7 రోజులు, బూడిద కలిసిన సిమెంటైతే 10 రోజులకు పైగా, గోనెపట్టా చుట్టి తడి ఆరకుండా చూడాలి. కింది నుంచి బిందెలతో నీళ్లు మోసి తెచ్చే ఊళ్లో మొదట ఎగ్గొట్టేది దీన్నే. చలికాలంలో రాత్రి ఉష్ణోగ్రత 5 డిగ్రీల దగ్గరికి పడే చోట కాంక్రీటు గట్టిపడటం బాగా నెమ్మదిస్తుంది, సెంట్రింగ్ విప్పడానికి తొందరపడకూడదు.

రాతి గోడ కట్టే సైటు అయితే మీరు మేస్త్రి పక్కన అందించే మనిషి మాత్రమే. కానీ కళ్లు తెరిచి ఉంచండి. గోడ మందం మొత్తం పట్టే పొడవు రాళ్లు, ఎత్తులో 600 మి.మీ.కు, పొడవునా 1.2 మీటర్లకు ఒకటి చొప్పున ఉండాలి. అంత పెద్ద రాయి దొరక్కపోతే దాని బదులు ఇనుప కొక్కెం పెట్టి కాంక్రీటు పోసిన దిమ్మె వాడొచ్చు. అనుమానం వస్తే మేస్త్రితో నలుగురిలో అనకండి. ఇంజనీరుకు విడిగా చెప్పండి. ఆ మేస్త్రి అక్కడివాళ్లకు ‘మిస్త్రీ దాయ్’, అంటే మేస్త్రి అన్న. మీ అన్న వయసువాడు, ఆ ఊరివాడు. మీరు వెళ్లిపోయాక కూడా ఆ గోడకు జవాబు చెప్పాల్సింది అతనే.

మీ వృత్తికి తగిన పని ఒకటి ఉంది, దాన్ని అడిగి తీసుకోండి. కాంక్రీటు పోశాక లోపల ఇనుము ఎలా ఉందో ఎవరూ చూడలేరు. పోయడానికి ముందు ప్రతి స్తంభానికీ, బీముకీ టేపు ఆనించి, స్తంభం నంబరు రాసిన పలక పక్కన పెట్టి ఫొటో తీయాలి. తేదీ, బస్తాల లెక్క, నీళ్ల లెక్క, ఎన్ని రోజులు తడిపారు అన్నవన్నీ ఒక మామూలు పట్టికలో ఎక్కించి, కాపీ బడి నిర్వహణ కమిటీకీ పాలికాకూ ఇవ్వాలి. పదేళ్ల తర్వాత ఆ బడి మీద ఇంకో అంతస్తు వేద్దామని ఎవరైనా అంటే అప్పుడు దిక్కయ్యేది ఆ పట్టికే. పిల్లల ఫొటోలు మాత్రం సోషల్ మీడియాలో పెట్టకండి. పేరు, ఊరు, ముఖం కలిపి పెట్టడం పిల్లలకు చేటు. పిల్లల మధ్యకు పంపే ముందు సంస్థ మీ పోలీసు వెరిఫికేషన్ అడగకపోతే అది మంచి లక్షణం కాదు.

వెళ్లేలోపు ఇక్కడే నేర్చుకోండి. మీ ఇంటి చుట్టుపక్కల ఏదో ఒక భవనం లేస్తూనే ఉంటుంది. మేస్త్రీని బతిమాలి నాలుగు ఆదివారాలు బార్ బెండింగ్ వాళ్ల దగ్గర కూర్చోండి. వాళ్లు 90 డిగ్రీల దగ్గర ఆపేస్తుంటే అది మాత్రం నేర్చుకోకండి. హైదరాబాద్‌లోని నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ ఇలాంటి పనుల్లో శిక్షణ ఇస్తుంది, చిన్న కోర్సు ఏదైనా ఉందేమో కనుక్కోండి. ఐఐటీ కాన్పూర్‌లోని భూకంప ఇంజనీరింగ్ సమాచార కేంద్రం మామూలు మనుషుల కోసం రాయించిన చిన్న పాఠాలు ఉచితంగా దొరుకుతాయి. అవి చదివి వెళ్తే సైటులో చెప్పేది సగం ముందే తెలిసి ఉంటుంది. రోజూ 15 కిలోల బరువుతో మెట్లెక్కి దిగడం ఇప్పుడే మొదలుపెట్టండి.

మనకు నేపాల్‌కు వీసా అక్కర్లేదు. విమానంలో వెళ్తే పాస్‌పోర్టు లేదా ఓటరు కార్డు ఉండాలి, ఆధార్ మీద ఆధారపడకండి. అమెరికా పాస్‌పోర్టు ఉన్న మీ బంధువులెవరైనా తోడొస్తామంటే వాళ్ల సంగతి వేరు, వాళ్లకు వీసా కావాలి. పర్యాటక వీసా మీద జీతం లేని పని కూడా అక్కడ చట్టవిరుద్ధం. జాజర్‌కోట్ వైపైతే ఖాట్మండు వెళ్లకుండా, లక్నో మీదుగా రుపైడీహా సరిహద్దు దాటి, నేపాల్‌గంజ్ నుంచి ఛించు మీదుగా బస్సులో వెళ్లొచ్చు. హిందీ వస్తే సైటులో పని నడుస్తుంది. భోజనం పప్పూ అన్నమే, ఆ విషయంలో అమ్మకు బెంగ అక్కర్లేదు.

అమ్మ బెంగపడాల్సినవి వేరే ఉన్నాయి, వాటికి మీ దగ్గర జవాబుండాలి. మామూలు ప్రయాణ బీమాలో శారీరక శ్రమతో కూడిన పనికి వర్తించదన్న షరతు తరచూ ఉంటుంది. నిర్మాణ పనికి, హెలికాప్టర్‌లో ఆసుపత్రికి చేర్చడానికి వర్తిస్తుందని రాతపూర్వకంగా ఉన్న పాలసీ తీసుకోండి. ధనుర్వాతం టీకా పదేళ్లు దాటి ఉంటే మళ్లీ వేయించుకోండి. టైఫాయిడ్, హెపటైటిస్ ఎ, కుక్కకాటుకు ముందస్తు టీకాల గురించి డాక్టర్‌ను నెల ముందే కలవండి. ఇనుప ముక్కు ఉన్న బూట్లు, కళ్లద్దాలు, ఎన్95 మాస్కులు, ఇనుముకు తోలు చేతితొడుగులు, కాంక్రీటుకు రబ్బరువి విడిగా తీసుకెళ్లండి. తోలు తొడుగులోకి దిగిన సిమెంటు నీళ్లు సాయంత్రానికి చర్మాన్ని కాలుస్తాయి, మంట తెలిసేసరికి ఆలస్యమవుతుంది. తాకగానే ధారగా మంచినీళ్లు పోసి కడగాలి. ఇంకొక మాట. జాజర్‌కోట్ ఉన్న కర్ణాలీ ప్రాంతంలో కొన్ని ఇళ్లలో బహిష్టు రోజుల్లో ఆడవాళ్లను బయట గుడిసెలో ఉంచే ఛౌపడీ ఆచారం ఇంకా ఉంది. 2017లో చట్టం దాన్ని నేరం చేసినా పోలేదు. ఎవరింట్లోనో కాకుండా సంస్థే నడిపే వసతిలో, ఆడవాళ్లకు విడిగా గది, మరుగుదొడ్డి ఉన్న చోట ఉంచుతామని ముందే మాట తీసుకోండి.

సమయం విషయానికొస్తే, జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు, చరియలు. ఆ తర్వాత దశైఁ, తిహార్ పండుగలకు మేస్త్రీలు ఇళ్లకు పోతారు. నవంబర్ మధ్య నుంచి మే దాకా సైటు నడుస్తుంది, ఫిబ్రవరి, మార్చి నెలలు మీలాంటివాళ్లకు అనువు. ఆ నాలుగు ప్రశ్నలూ ఈ వారమే ఆ సంస్థకు రాయండి. బదులుగా సంతకం ఉన్న నక్షా రాకుండా నవ్వుతున్న పిల్లల ఫొటోలే మళ్లీ వస్తే డబ్బు కట్టకండి, ఇంకో సంస్థకు రాయండి.